సంఘం నోరు తెరవాలంటే

స్తుతి ఆరాధన గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా సంఘంలో ముందు వేగంగా సాగే పాటలు పాడి దాన్ని స్తుతి అంటాం. తర్వాత నెమ్మది పాటలు పాడి దాన్ని ఆరాధన అంటాం. ఈ తేడా బైబిల్లో ఉందా?
– ఒక సహోదరి, రాయగడ

జవాబు: వేగాన్ని బట్టి ఈ రెండూ వేరు కావమ్మా. దేవుడు ఎలాంటివాడో, ఏం చేశాడో నోరు తెరిచి చెప్పడం స్తుతి. హల్లెలూయ అనే మాటనే చూడండి. హీబ్రూలో ‘హల్లెలూ’ అంటే ‘స్తుతించండి’, ‘యా’ అన్నది యెహోవా నామానికి పొట్టి రూపం. అది ఒక్కరితో అనే మాట కాదు, పదిమందినీ కలిపి పిలిచే మాట. ఇక ఆరాధనకు పాత నిబంధనలో ఎక్కువగా వాడిన మాటకు వంగడం, సాగిలపడడం అని అర్థం.

ఈ రెండూ ఎలా కలుస్తాయో 95వ కీర్తనలో తెలుస్తుంది. ఉన్నవి 11 వచనాలే. మొదటి ఐదింటిలో ఉత్సాహధ్వని ఉంది, దానికి కారణమూ ఉంది: కొండ శిఖరాలు ఆయనవి, సముద్రం ఆయనది. ఆరో వచనంలో మోకరించడం వస్తుంది. ఏడో వచనం చివర కీర్తన మలుపు తిరిగి, నేడు ఆయన మాట వినండి, హృదయాలు కఠినపరచుకోకండి అంటుంది. చాలా సంఘాలు ఆరో వచనం దగ్గరే ఆగిపోతాయి. పాటలు అయిపోగానే ఆరాధన అయిపోయిందనీ, ఆపైన జరిగేది ప్రసంగమనీ అనుకుంటాం. ఈ కీర్తన ప్రకారం వినడం కూడా ఆరాధనలో భాగమే.

అరగంట సమయం ఉంటే దేవుడెవరో చెప్పే పాటలు రెండు, కృతజ్ఞత పాట ఒకటి పాడండి. ఆ తర్వాత రెండు నిమిషాలు మోకాళ్ల మీద మౌనంగా ఉండండి. ఆ రెండు నిమిషాలూ కీబోర్డు మీద చెయ్యి ఉండకూడదు. తర్వాత వాక్యం బిగ్గరగా చదవండి. పాటలు ఎంచుకునేటప్పుడు కాగితం మీద ‘నేను, నాకు, నన్ను’ అన్న మాటల కింద గీత గీసి చూడండి. మూడు పాటల్లోనూ ఆ గీతలే నిండితే ఒక పాట మార్చండి.

ప్రశ్న: వేదిక మీద ఆరుగురు యౌవనస్థులు చక్కగా పాడతారు. కింద కూర్చున్నవాళ్లు మాత్రం పెదవి కదపరు. భక్తి తగ్గిందని పెద్దలు కోప్పడుతున్నారు.
– ఒక సంఘ కాపరి, పర్లాకిమిడి

జవాబు: అయ్యగారూ, భక్తిని అనుమానించే ముందు శృతి చూడండి. పాట నడిపే తమ్ముడి గొంతు పైకి పోతుంది కాబట్టి అతను జి స్కేల్లో అందుకుంటాడు. చరణంలో పాట పై షడ్జమానికి, అంటే పై ‘స’కు వెళ్లేసరికి అది పై జి అవుతుంది. అక్కడ ఆడవాళ్లు ఆగిపోతారు, మగవాళ్లు గొంతు చించుకోలేక కింద స్థాయికి జారిపోతారు. మామూలు గొంతులకు పాటలో అన్నిటికన్నా పై స్వరం డి దగ్గర ఆగాలి. దాని పైనున్న ‘ఈ’ స్వరం వరకు ఎలాగో నెట్టుకొస్తారు గాని అంతకు మించి రాదు. అలాంటి పాటకు కీబోర్డులో స్కేలు మార్చే ట్రాన్స్‌పోజ్ మీటను మైనస్ 5 దగ్గర పెడితే స్కేలు డికి దిగుతుంది. పల్లవి మంద్ర పంచమాన్ని, అంటే కింది ‘ప’ను తాకినా అది ‘ఏ’ స్వరం దగ్గర ఉంటుంది, అదీ అందరికీ అందుతుంది. నడిపేవాళ్లకు మొదట్లో ఇది చప్పగా అనిపిస్తుంది. కానీ పాట సంఘానిది.

రెండోది తాళం. మన పాత కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అది అలంకారానికి వేసింది కాదు. మిశ్రచాపు తాళం పాటకు ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 7 మాత్రలు (లెక్కలు). రిథమ్ ప్యాడ్‌లో నాలుగు లెక్క బీటు పెట్టి ఆ పాట ఎత్తుకుంటే మాటల ఊనిక ఒకచోట, దెబ్బ మరోచోట పడుతుంది. రెండో ఆవర్తనానికే ముసలమ్మలు తడబడి ఆగిపోతారు. పాపం, వాళ్లు పాడింది తప్పు కాదు, పెట్టిన బీటు తప్పు. అలాంటి పాటలకు ప్యాడ్ ఆపేసి ఢోలక్ మీద 3, 2, 2గా విరిచి వాయించమనండి. ఆది తాళం 8 మాత్రలు కాబట్టి బీటుతో పేచీ రాదు. అక్కడ వచ్చే చిక్కు చప్పట్లతో. ప్రతి మాత్రకూ చప్పట్లు కొడితే పాట పరుగెత్తుతుంది, మాత్ర విడిచి మాత్రకు కొడితే నిలుస్తుంది.

ఈ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌధరి 19వ శతాబ్దపు తెలుగు క్రైస్తవ కవి, మీ పర్లాకిమిడి ప్రాంతంతో సంబంధం ఉన్నవారే. ఆయన పాటలు ఆ ఊళ్లోనే తాళం తప్పి వినబడితే మనసుకు కష్టంగా ఉంటుంది.

మూడోది కొత్త పాటలు. నెలకు ఒకటి చాలు. ఆరాధనకు పది నిమిషాల ముందు వాద్యాలు లేకుండా, పల్లవి ఒక్కో వరుసా చెప్పి పలికించండి. అదే పాట వరుసగా నాలుగు ఆదివారాలు పాడించండి. ప్రతి పాటలో చివరి పల్లవికి వాద్యాలన్నీ ఆపి గొంతులను మాత్రమే విడిచిపెట్టండి. తమ గొంతు తమకు వినబడితే జనం పాడతారు. వినబడకపోతే పాడరు.

మైకు కూత పెడుతోందని కూడా రాశారు. స్పీకరు పెట్టె పాడేవాళ్ల వెనక ఉంటే అందులోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి కూత అవుతుంది. పెట్టెలను మైకుల వరుసకు ముందుకు జరిపి జనం వైపు తిప్పండి. మైకు తలను అరచేత్తో మూసి పట్టుకోవద్దు, దానివల్ల కూత పెరుగుతుంది.

ప్రశ్న: మా పిల్లలు ఒడియా మీడియంలో చదువుతున్నారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. కూడికకు ఒడియా కుటుంబాలు కూడా వస్తాయి. అందరం కలిసి స్తుతించేదెలా?
– ఒక సండే స్కూలు టీచరు, గుణుపురం

జవాబు: తెలుగు పాటల్ని ఒడియా లిపిలో రాసివ్వండి. అయితే మూడు చోట్ల తప్పులొస్తాయి. ఒడియాలో ‘వ’ రావలసినచోట మామూలుగా ‘బ’ అక్షరమే రాస్తారు, పిల్లలు ‘దేవా’ను ‘దేబా’ అంటారు. ‘వార్డు’ లాంటి మాటలకు వాడే వేరే అక్షరం ఉంది, దాన్ని రాయండి. ఎ, ఏలకూ ఒ, ఓలకూ ఒడియాలో విడి గుర్తులు లేవు. ‘నెల’, ‘నేల’ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి దీర్ఘం ఉన్న అక్షరం మీద చిన్న అడ్డగీత పెట్టండి. మూడోది రాతతో దిద్దలేం. ఒడియాలో ‘అ’ గుండ్రంగా, ‘ఒ’కు దగ్గరగా పలుకుతుంది, అందుకే ‘మహిమ’ ‘మొహిమొ’ అవుతుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని పాడి వినిపిస్తేనే అది సర్దుకుంటుంది.

రెండు భాషలవాళ్లకు కలిపి 136వ కీర్తన ఎంతో బాగుంటుంది. 26 వచనాలు, ప్రతి వచనం చివరా ‘ఆయన కృప నిరంతరముండును’ అన్న మాటే. బేసి వచనాలు తెలుగులో, సరి వచనాలు ఒడియాలో చదివించండి. అవతలి భాషలో ఎవరైనా నేర్చుకోవలసింది ఒక్క వాక్యమే. స్తుతి, మహిమ, ఆరాధన, ప్రభు అన్న మాటలు రెండు భాషల్లోనూ ఉన్నవే. మన బైబిల్లో యెహోవా అని ఉన్నచోట ఒడియా బైబిల్లో ‘సదాప్రభు’ అని ఉంటుంది. ఇది ముందే చెప్పండి, లేకపోతే వేరే ఎవరి గురించో అనుకుంటారు.

ప్రశ్న: రాత్రంతా స్తుతి కూడిక పెడితే వీధివాళ్లు అభ్యంతరం చెబుతున్నారు. ఆపేయాలా?
– ఒక సహోదరుడు, జయపురం

జవాబు: కూడిక ఆపనక్కర్లేదు, బయటి లౌడ్‌స్పీకరు ఆపండి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అది కూడదు. పౌలు సీలలు మధ్యరాత్రి చెరసాలలో పాడినప్పుడు మైకు లేదు, తోటి ఖైదీలు విన్నారు.

ప్రశ్న: ఇంట్లో మరణం జరిగి రెండు నెలలైంది. స్తుతించు, స్తుతించు అంటున్నారు. నోరు రావడం లేదు. ఇది అవిశ్వాసమా?
– ఒక సహోదరి, బరంపురం

జవాబు: కాదు తల్లీ. కీర్తనల గ్రంథంలో ఏడుపు పాటలు చాలా ఉన్నాయి, అవీ దేవుని ఎదుట పాడినవే. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్న పదేపదే వస్తుంది. తర్వాతి రెండింటిలో వేడుకోలు, చివరి రెండింటిలో నమ్మిక, పాట. ఆ చివరి రెండు వచనాలు ఇవాళే పలకాలని లేదు. రోజూ మొదటి రెండు వచనాలు పైకి చదవండి. నాలుగో వచనం వరకు వెళ్లగలిగిన రోజు వెళ్లండి. అదీ కష్టమైన రోజుల్లో 88వ కీర్తన తీయండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా ‘నా రక్షణకర్తవగు దేవా’ అని ఆయన్ని పిలుస్తూనే మొదలవుతుంది. ఆదివారం సంఘంలో పాట రాకపోతే కూర్చుని వినండి. మీ పక్కన కూర్చున్నామె పాడుతుంది, ఆ పూటకు మీ తరఫున కూడా.