చేపాక్‌కి పోతున్న మేనకోడలికి

తిరుపతి

అమ్మణ్ణీ,

శనివారం రాత్రి మ్యాచ్‌కి ఫ్రెండ్స్‌తో చెన్నైలో చేపాక్ స్టేడియానికి పోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే భలే సంతోషమేసింది. ఫోన్ పెట్టేసరికి టెన్షన్ మొదలైంది. అందుకే రాస్తున్నాను.

బ్యాగు, నీళ్ల బాటిల్ లోపలికి రానివ్వరు. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా పార్క్ టౌన్‌లో లోకల్ ఎక్కితే చేపాక్ రెండో స్టేషనే. మ్యాచ్ అయ్యేసరికి రాత్రి 11 అవుతుంది. ఆ రాత్రి బస్సులో మాత్రం రావద్దు, ఎన్ని చెప్పినా వినను. పెరంబూరులో అత్త వాళ్లింట్లో పడుకుని పొద్దున సప్తగిరి రైలుకి రా. పుత్తూరులో ఒకసారి, రేణిగుంటలో ఒకసారి ఫోన్ చెయ్యి.

ధోనీ గెలిపిస్తే అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నావట. 3,550 మెట్లు ఎక్కు తల్లీ, మంచిదే. గెలిస్తేనే అని స్వామికి షరతు పెట్టడమేంటి? ఓడినా ఎక్కు.

అసలు సంగతి ఇది. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

1999 జనవరి 31, ఆదివారం. చేపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు, నాలుగో రోజు. మీ అమ్మకి పద్నాలుగేళ్లు, సచిన్ అంటే ప్రాణం. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఓవర్ ఓవర్‌కీ స్కోరు రాసుకుంటూ నా పక్కన కూర్చుంది. గెలవాలంటే 271 కొట్టాలి. 82కే 5 వికెట్లు పోయాయి. అక్కడి నుంచి సచిన్, మోంగియా కలిసి 136 పరుగులు లాక్కొచ్చారు. సచిన్ నడుం పట్టుకుని వంగిపోతున్నాడు, లేచి మళ్లీ కొడుతున్నాడు. ఇంకా 17 పరుగులుండగా పాకిస్తాన్ బౌలర్ సక్లయిన్ వేసిన బంతిని సచిన్ పైకి లేపాడు. అక్రమ్ పట్టేశాడు. గ్రౌండంతా మూగబోయింది.

నాకు భయం పట్టుకుంది. ఆ నెలలోనే ఢిల్లీలో పాకిస్తాన్ ఆడకూడదని పిచ్ తవ్వేశారు. ఓడితే ఇక్కడేం జరుగుతుందో, పక్కన ఆడపిల్ల, నాన్నకి ఏం జవాబు చెప్పాలి? "లే, పోదాం" అన్నాను. "ఇంకా మూడు వికెట్లున్నాయి కదన్నా" అని కదల్లేదు. చెయ్యి పట్టి లాగాను. గాజు పగిలి మణికట్టు మీద గీసుకుంది. ఏడుస్తూనే వచ్చింది.

వాలాజా రోడ్డు మీదికి వచ్చాం. కాసేపటికి వెనక నుంచి చప్పట్లు, రేకుల మీద వాన పడ్డట్టు. "గెలిచామన్నా!" అని మీ అమ్మ రోడ్డు మీదే ఎగిరింది. వేరుశనక్కాయలమ్మే ఆయన చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుని ఉన్నాడు. అడిగితే తల అడ్డంగా ఊపాడు. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

"మరి చప్పట్లెందుకన్నా?"

నాకు తెలీలేదు. తర్వాత పేపర్లో చూశాం. పాకిస్తాన్ వాళ్లు గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే చెన్నై జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత దుఃఖంలో ఉండి కూడా కొట్టారు. నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. మీ అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ మీ బీరువాలోనే ఉంది, చూడు. 254కి 7 వికెట్ల దగ్గర ఆగిపోయి ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, ఓడిపోతున్నారని తెలిసినా ఆఖరి బంతి దాకా లేవొద్దు. అవతలి వాళ్లు బాగా ఆడితే నిలబడి చప్పట్లు కొట్టు. తర్వాత ఏడుపొస్తే ఏడువు, సిగ్గుపడకు.

ఆ రోజు తర్వాత మీ అమ్మ మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు. పెళ్లి, మీ చదువులు, వాటితోనే సరిపోయింది. అడిగితే "టీవీలోనే బాగా కనిపిస్తుంది" అంటుంది. నమ్మొద్దు. ఇంకో టికెట్ దొరుకుతుందేమో చూడమ్మా. డబ్బులు నేను పంపిస్తాను.

నోటుబుక్కు, పెన్ను లోపలికి రానిస్తారేమో కూడా కనుక్కో.

మీ మామ