ఘాట్ దిగే రికవరీ బండికి ఏ ప్యాడ్లు, ఏ డిస్కులు వేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ బండికి ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. చెడిపోయిన కారు ముందు చక్రాలను ఎత్తిపట్టి లాక్కొచ్చే రకం. అరకు నుంచి కార్లు తెచ్చేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో బ్రేకు పెడల్ వణుకుతోంది, కిందికి వచ్చేసరికి కాలిన వాసన వస్తోంది, డిస్కును రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్లు ఆరు నెలలు కూడా ఆగడం లేదు. షాపులో రంధ్రాలున్న డిస్కులు, సిరామిక్ ప్యాడ్లు వేసుకోమన్నారు. వేయాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నా సలహా: రెండూ వద్దు. లోహం కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు, రంధ్రాలు లేని మామూలు వెంటిలేటెడ్ డిస్కులు (మధ్యలో గాలి పోయే సందులున్నవి) వేయండి. అయితే కొనడానికి ముందు వెనుక బ్రేకులు తమ వంతు పని చేస్తున్నాయో లేదో చూడండి. మీ లక్షణాలన్నీ చదివాక నాకు అనుమానం అక్కడే ఉంది.

నేనూ విశాఖలోని గాజువాక నుంచి ఇదే రకం బండి నడుపుతున్నాను. దాన్ని పాతదిగా కొన్నప్పుడు వెనుక కమానులో (ఇరుసు దగ్గర బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో) పట్టీ ఒకటి అదనంగా ఉంది. బరువులు ఎత్తే బండికి ఎక్కువ పట్టీ ఉంటే మంచిదేగా అని అందరూ అన్నారు. ముందు ప్యాడ్లు మాత్రం చూస్తుండగానే కరిగిపోయేవి. వెనుక డ్రమ్ములు విప్పితే లైనర్లు (డ్రమ్మును లోపలి నుంచి రాసుకుని ఆపే పొరలు) దాదాపు కొత్తవిలా ఉన్నాయి. కారణం ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ చూపించారు. ఇలాంటి చాలా బండ్లలో వెనుక ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఒక లివరుతో బిగించిన వాల్వ్ ఉంటుంది. బరువు పడి కమాన్లు కిందికి వంగినప్పుడు ఆ లివరు కదిలి, వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని పంపుతుంది. అదనపు పట్టీతో కమాన్లు గట్టిపడితే బరువు పడినా అంతగా వంగవు. బండి ఖాళీగా ఉందన్నట్టే వాల్వ్ ప్రవర్తిస్తుంది, వెనుకకు ఒత్తిడి తగ్గించేస్తుంది. ఆ భారమంతా ముందు డిస్కులు మోయాలి. తయారీదారు చెప్పిన కొలతకు లివరును సరిచేశాక, లైనర్లు అంటించిన షూలకు, డ్రమ్ముకు మధ్య ఉన్న ఖాళీని కూడా సర్దాక, మా ముందు ప్యాడ్ల ఆయుష్షు స్పష్టంగా పెరిగింది. ఏ బ్రాండ్ మార్చినా అంత తేడా వచ్చేది కాదు.

మన రకం బండ్లకు ఇది ఇంకా ముఖ్యం. 600 కిలోల భారాన్ని వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు వెనక్కి పట్టి ఎత్తితే, రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లయితే, ముందు ఇరుసు మీద 240 కిలోలు తగ్గుతాయి, వెనుక ఇరుసు మీద 840 కిలోలు పెరుగుతాయి. అంటే రోడ్డు మీద పట్టు వెనుక చక్రాలకే ఎక్కువ. ఆ పట్టును వాడుకోకుండా, తేలికైన ముందు చక్రాలతోనే బండినంతా ఆపాలనుకోవడం వాటికి అన్యాయం చేయడమే. వానలో ముందు చక్రాలు పట్టేసి బండి స్టీరింగుకు లొంగకుండా జారిపోవడానికి కూడా ఇదే కారణం. పైగా ఎత్తిన బరువు 600 కిలోలే అయినా, ఆపాల్సింది కారు మొత్తాన్ని. వెనుక దొర్లుతూ వచ్చే కారు చక్రాలకు బ్రేకు లేదు, అది మిమ్మల్ని ముందుకు తోస్తూనే ఉంటుంది.

ఇక వేడి సంగతి. బండి, కారు కలిపి 5 టన్నులు అనుకుందాం. ఘాట్ మొత్తం మీద 800 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 39 మెగాజౌళ్లు. దాదాపు 130 లీటర్ల నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి అది. ఇంజన్, గాలి కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా కొద్ది కిలోల ఇనుములోకి, దానికి అంటుకున్న ప్యాడ్లలోకి పోవాలి. అందుకే నా లెక్కలో మన బండికి ప్యాడ్ ఎంపిక అంటే వేడికి ఎంపిక.

ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా, శబ్దం లేకుండా పనిచేస్తాయి. బాగా వేడెక్కితే వాటిని పట్టి ఉంచే రెసిన్ వాయువులు వదులుతుంది, పట్టు పడిపోతుంది. ఊళ్లో తిరిగే కారుకు ఫర్వాలేదు, మనకు పనికిరావు. సిరామిక్ వాటికి దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ. కారు యజమానులు వాటిని మెచ్చుకోవడంలో న్యాయం ఉంది. దీర్ఘమైన దిగుడులో బరువుతో బ్రేకు వేసే పనికి మాత్రం లోహం ఎక్కువగా కలిసిన సెమీ మెటాలిక్ వాటినే నేను నమ్ముతాను. వాటి లోపాలూ చెప్పాలి: పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు బ్రేకులకు పట్టు కాస్త తక్కువగా అనిపిస్తుంది, కీచుమంటాయి, డిస్కును ఎక్కువ అరగదీస్తాయి.

ప్యాడ్ అంచు మీద ముద్రించిన కోడ్ చివర రెండు అక్షరాలు చూడండి. ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ అని ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకం (ప్యాడ్ పట్టు ఎంతో చెప్పే అంకె), రెండోది బాగా వేడెక్కినప్పటిది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువగా ఉంటే, అంటే ఎఫ్‌ఈ అని ఉంటే, వేడిలో పట్టు తగ్గుతుందని అర్థం. మన పనికి ఎఫ్‌ఎఫ్ కంటే తక్కువ తీసుకోకండి. ఇవి నాణ్యతకు మార్కులు కావు, ఎంతకాలం మన్నుతుందో ఈ అక్షరాలు చెప్పవు. కోడ్ అసలే లేని ప్యాడ్ ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి. బండి కంపెనీ విడిభాగం దొరకకపోతే రాణే, బ్రేక్స్ ఇండియా, బాష్ లాంటి తెలిసిన తయారీదారుల ప్యాడ్లు బిల్లుతో కొనండి. తెలిసిన పేర్లతో నకిలీ డబ్బాలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి సీలు, హోలోగ్రామ్ చూడకుండా డబ్బు ఇవ్వకండి.

డిస్కులకు రంధ్రాలు ఎందుకు వద్దంటున్నానంటే, మాటిమాటికీ బాగా వేడెక్కి చల్లబడే డిస్కులో పగుళ్లు ఆ రంధ్రాల అంచుల నుంచే మొదలవుతాయి. వేడిని దాచుకునే ఇనుము కూడా ఆ మేరకు తగ్గుతుంది. హై కార్బన్ ఇనుముతో చేసిన మామూలు డిస్క్ దొరికితే ధర కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

పాత డిస్కును లేత్ మీద వేయించి చదును చేయించవచ్చా అని కూడా అడిగారు. డిస్క్ మీద కనిష్ఠ మందం మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది. కొత్తది 24 ఉంటే కనిష్ఠం 22 దగ్గర ఉండడం సాధారణం. లేత్ పని అయ్యాక ఆ అంకెకు దగ్గరపడేదైతే మన బండికి వద్దు. పలుచబడ్డ డిస్క్ త్వరగా వేడెక్కుతుంది.

పెడల్ వణికితే డిస్క్ వంగిపోయిందని అందరూ అంటారు. చాలాసార్లు నిజానికి జరిగేది వేరు. బాగా వేడి మీద ఉన్న బండిని ఘాట్ దిగగానే ఆపి, టీ తాగేంతసేపు పెడల్ గట్టిగా నొక్కిపెట్టి ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకచోట అంటుకుంటుంది. లేదా హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీద తుప్పు పేరుకుని, డిస్క్ దానిమీద సమంగా కూర్చోదు. తిరిగే కొద్దీ ఒక పక్క ఎక్కువ అరిగి మందంలో తేడా వస్తుంది. మన ఊళ్లో రెండోది మరీ ఎక్కువ. ఫిషింగ్ హార్బర్, రుషికొండ వైపు రాత్రంతా నిలిపి ఉంచిన బండి డిస్కులను పొద్దున చూడండి, ఎర్రగా ఉంటాయి. పైపొర తుప్పు నాలుగు బ్రేకులకు పోతుంది, దాని గురించి దిగులు వద్దు. హబ్ మీద, గాలి పోయే సందుల్లో, ప్యాడ్లను నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నుల మీద పట్టే తుప్పే నష్టం చేస్తుంది. పాత ప్యాడ్లు పారేయకుండా పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది మందంగా ఉంటే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నట్టే. వాటిని శుభ్రం చేసి, బ్రేకులకోసమే తయారైన సిలికాన్ గ్రీజు పెట్టించండి. ఛాసిస్‌కు వాడే గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుంది.

బిగించేటప్పుడు మీరు దగ్గర ఉండండి. హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దించాలి. కొత్త డిస్క్ మీద ఉండే నూనె పొరను బ్రేక్ క్లీనర్‌తో తుడిపించాలి. డయల్ గేజ్ ఉన్న షెడ్డైతే డిస్క్ ఊగిసలాట కొలిపించండి, 0.05 మిల్లీమీటర్ల లోపు వస్తే నిశ్చింత. చక్రాల నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి మార్చాలి, ఒక పక్క కొత్తవి ఒక పక్క పాతవి పెడితే బండి పక్కకు లాగుతుంది. డ్రమ్ముల్లో దుమ్మును గాలితో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిపి తుడవమనండి. ఆ దుమ్ము పీల్చేది డ్రమ్ము విప్పే షెడ్డు కుర్రవాడే.

బ్రేకు ద్రవం మార్చకుండా ఈ పని ముగించవద్దు. సెమీ మెటాలిక్ ప్యాడ్ వేడిని తనను తోసే పిస్టన్ దాకా, దాని వెనకున్న ద్రవం దాకా బాగా పంపుతుంది. ద్రవమేమో గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన సముద్రతీరంలో తేమకు కొదవ లేదు. బ్రేకు ద్రవంలో డాట్ 3, డాట్ 4 అని రకాలు ఉంటాయి. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 140. డాట్ 4 కు అవి 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకు తగులుతుంది, ఘాట్ మలుపులో అప్పుడిక చేయగలిగేది తక్కువ. మీ బండి పుస్తకం ఒప్పుకుంటే డాట్ 4 పోయించండి, ఏడాదికోసారి మార్చండి. డాట్ 5 అని ఉండే సిలికాన్ ద్రవాన్ని మాత్రం వీటితో కలపకూడదు.

కొత్త ప్యాడ్లు వేయించిన రోజే కారు ఎత్తుకోకండి, ముందు అవి డిస్కుకు కుదురుకోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మధ్యస్థంగా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. ఇలా పదిసార్లు చేశాక, బ్రేకు ముట్టుకోకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వండి. ఘాట్‌లో మాత్రం ఎక్కిన గేరులోనే దిగండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయండి. మొదటి ఘాట్ ప్రయాణం తరువాత చక్రం విప్పి ప్యాడ్ మందం కొలిపించండి. ఆ తరువాత పదార్థం 4 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చేయండి. కార్లకు చెప్పే 3 మిల్లీమీటర్ల దాకా మన బండికి ఆగకూడదు.