కమాన్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా చిన్న పికప్ బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక నుంచి టక్కుమంటోంది. కమాన్ బుష్‌లు అరిగాయని మెకానిక్ అన్నాడు. టైరు మార్చడం తప్ప నాకు బండి పని రాదు. ఇంట్లో చేసుకోగలనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: చేసుకోగలరు. కానీ శబ్దం బుష్‌లదేనా అన్నది ముందు తేల్చుకోండి. కమాన్ అంటే యాక్సిల్ మీద బండి బరువును మోసే ఇనుప పట్టీల స్ప్రింగు, అందులో మెయిన్ పట్టీ చివరి చుట్టల్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగే బుష్. కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులైనా, షాక్ అబ్జార్బర్ బుష్ పోయినా ఇలాగే మోగుతుంది. మెయిన్ పట్టీ చివరి చుట్టకూ బ్రాకెట్‌కూ మధ్య చిన్న గడ్డపార పెట్టి కదపండి. బోల్టు చుట్ట మధ్యలో కాకుండా ఓ పక్కకు జారి ఉన్నా, రబ్బరు చిట్లి బయటికొచ్చినా బుష్ అయిపోయినట్టే. పట్టీ విరిగినా, చుట్ట సాగినా, బ్రాకెట్ చీలినా మీరు ముట్టుకోకండి. అది కమాన్ల షాపు పని.

ముందు రోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. ఒక్కో బోల్టును ఏ పక్కకు లాగాలో, డీజిల్ ట్యాంకు అడ్డొస్తుందేమో అప్పుడే చూసుకోండి. గట్టి నేల మీద ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు, ఇటుకలు అసలే పెట్టొద్దు. ఆ జాకీని యాక్సిల్ కింద ఉంచి కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే, కమాన్ మీద బరువు పోయిన చోట బోల్టు చేత్తో తిరుగుతుంది. యాక్సిల్ దించేటప్పుడు బ్రేక్ గొట్టం బిగుసుకోకుండా గమనించండి. ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి విప్పితే యాక్సిల్ చోటు తప్పుతుంది.

పని ఆగేది ఎక్కువగా ఒక్కచోటే. బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు ఊడినా బోల్టు రాదు, తిప్పితే రబ్బరంతా కలిసి తిరుగుతుంది. మంట పెట్టొద్దు, పక్కనే బ్రేక్ గొట్టం, ట్యాంకు ఉంటాయి. చుట్టకూ బ్రాకెట్‌కూ మధ్య హ్యాక్సా బ్లేడు దూర్చి బోల్టును రెండు పక్కలా కోయడమే మేలు. అందుకే కొత్త బోల్టులు, నట్లు ముందే కొనిపెట్టుకోండి.

పాత బుష్‌ను సుత్తితో బాదకండి. పొడవాటి మర రాడ్డుకు ఒక పక్క బుష్ కంటే కాస్త చిన్న సాకెట్, రెండో పక్క బుష్ పట్టేంత పెద్ద గొట్టం పెట్టి నట్టు బిగిస్తూ పోతే బుష్ గొట్టంలోకి జారుతుంది. బుష్ బయటి ఇనుప తొడుగు చుట్టలోనే మిగిలితే హ్యాక్సా బ్లేడుతో జాగ్రత్తగా చీల్చి తీయండి. చుట్టకు గాటు పడితే పట్టీ అక్కడే పగులుతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి తొడుగు మీదే పడాలి. జారడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

చివరి బిగింపు బండి గాల్లో ఉండగా వద్దు. కమాన్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగిపోయి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. నట్లు వదులుగా తొడిగి, చక్రాలు విప్పి ఉంటే తిరిగి వేసి, బండిని నేల మీదికి దించి ఓసారి ఊపాక సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలత) బిగించండి. రెండు మూడు రోజులు తిప్పాక మళ్లీ చూడండి.

ప్రశ్న: రబ్బరుకు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బుష్‌లు వేస్తే?

జవాబు: ఎక్కువకాలం ఆగుతుంది, నూనెకు చెడదు. కానీ కుదుపు ఎక్కువ తెలుస్తుంది, సిలికాన్ గ్రీజు లేకపోతే కీచుమంటుంది. బరువులు మోసే బండికి కంపెనీ రబ్బరే మా ఓటు.