గోపాల్‌పూర్ బీచ్‌లో అమ్మే ‘రాముడి అణా’ అసలుదేనా?

ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్‌లో ఒకతను రామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న ఈస్టిండియా కంపెనీ అణాని రెండు వేలకి ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. నాది ఆ పక్కనే ఉన్న బరంపురమే. ఐదేళ్ల కిందట అలాంటిదే 600 పెట్టి కొన్నాను. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతారు.

మా గంజాం జిల్లాలోని జౌగడ దగ్గర పొలం దున్నుతుంటే దొరికిందని అమ్మినవాడు చెప్పాడు. అక్కడ అశోకుడి శాసనం ఉంది కదా, వెంటనే నమ్మేశాను. అశోకుడి కోటలో 1818 అని ఇంగ్లిషులో రాసిన అణాకి ఏం పని అని తట్టనే లేదు.

మా మావయ్య ఇత్తడి పోతపని చేసినాయన. చేతికిస్తే బొమ్మకేసి చూడకుండా అంచు తిప్పాడు. చుట్టూ సన్నటి గీత, దాని మీద ఆకురాయి పెట్టి రుద్దిన గుర్తులు. ‘‘పోత పోశార్రా. టంకశాలలో నాణేన్ని అచ్చుతో గుద్దుతారు’’ అన్నాడు. భూతద్దంలో చూస్తే అక్షరాల మధ్య సూదిమొనంత గుంటలు. తడిగుడ్డతో తుడిస్తే పచ్చటి చిలుమంతా గుడ్డకే వచ్చేసింది. ఏళ్ల తరబడి పట్టిన చిలుము అంత తేలిగ్గా ఊడదట. ఉప్పూ పులుపూ పూసి మట్టిలో పాతితే వచ్చినదే ఇలా ఊడుతుందట. అరుగుదల కూడా చూడండి. నిజంగా చేతులు మారిన నాణెంలో ఎత్తుగా ఉన్న ముక్కు, మోకాళ్లు ముందు అరుగుతాయి. నాదాంట్లో అన్నీ ఒకేలా మొద్దుబారాయి.

అసలు కంపెనీ దేవుడి బొమ్మతో అణాలే వేయలేదు. 1835 నాటి రాగి పావు అణా మీద ఉండేది సింహాలున్న కంపెనీ చిహ్నం. అదే ఏడాది వెండి రూపాయి అని చూపిస్తే కంసాలి కాటాలో పెట్టించండి. 11.66 గ్రాములుండాలి, అరిగితే కాస్త తగ్గొచ్చు. ఈ నాణెం బియ్యాన్ని లాగుతుందని, అదే రైస్ పుల్లింగ్ మహిమ అని మొదలెడితే మాత్రం ఇంక కాటా కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయండి.

పోనీ భూమిలో దొరికిందన్న మాట నిజమే అనుకుందాం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన పాతర సొమ్ము దొరికితే కలెక్టరుకి చెప్పాలి. అతను అబద్ధమాడితే మీ డబ్బు పోతుంది, నిజం చెప్తే మీకు టెన్షన్.

గంజాం గుర్తుగా ఏదో ఒకటి కావాలంటే బెల్లగుంట ఇత్తడి చేప కొనుక్కోండి. కొత్తదని చెప్పే అమ్ముతారు. తోక పట్టి ఊపితే ఒళ్లంతా మెలికలు తిరుగుతుంది.