మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కోర్సులో చేరాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. వయసు 31. జీతం 22,000, ఇంటి ఖర్చు 18,000. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో 6,000 ఉన్నాయి. డేటా అనలిటిక్స్ నేర్చుకుంటే జీవితం మారుతుందని ఆశ. ఆన్‌లైన్ కోర్సు ఫీజు 80,000. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. సీటు కోసం 2,000 కట్టేశాను. మిగతాది తెచ్చి కట్టమంటారా?

జవాబు: వద్దండీ. నేర్చుకోవద్దని కాదు, ఆ అప్పు వద్దు. చదువు కోసమే కదా అని ధైర్యంగా బాకీ పడేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీరు తేవాల్సిన 78,000 మీద మొదట్లో నెలకు 2,340 వడ్డీకే పోతుంది. మీకు మిగిలే 4,000 మొత్తం కట్టినా బాకీ తీరడానికి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. ఇన్ని రోజులూ ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు, ఫ్యాక్టరీ ఒక్క నెల కూడా ఆగకూడదు. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కి విదేశీ ఆర్డర్లు తగ్గితే చీమకుర్తిలో పనులు ఎలా ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. అప్పుడు పాప పాలకు కూడా మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తారా?

మీ దగ్గరున్న 6,000 పది రోజుల ఖర్చుకే సరి. నాకు టెన్షన్ అంతా అక్కడే. ముందు మూడు నెలల ఖర్చు, అంటే 54,000 పక్కన పడాలి. జీతం పడిన రోజే 4,000 ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లేలా బ్యాంకులో చెప్పండి. ఉన్న 6,000తో కలిపి సరిగ్గా ఏడాదిలో పూర్తవుతుంది. పండగకీ, ఫోన్‌కీ ఆ డబ్బు ముట్టుకోవద్దు. ప్రధానమంత్రి జీవన జ్యోతి (జీవిత బీమా), సురక్ష బీమా (ప్రమాద బీమా) రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలే. ఇంకా లేకపోతే ఈ వారమే తీసుకోండి.

ఈ ఏడాది చదువు ఆగక్కర్లేదు. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఎక్సెల్‌తో మొదలుపెట్టండి, ఫ్యాక్టరీ లెక్కలే మీకు అభ్యాసం. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. రోజూ గంట చొప్పున ఆరు నెలలు కూర్చోగలిగితే, అప్పుడు పెద్ద కోర్సు సంగతి మాట్లాడదాం.

కట్టిన 2,000 వెనక్కి అడగండి. ఇవ్వకపోతే పోనివ్వండి. దాని కోసమని ప్రామిసరీ నోటు మీద మాత్రం సంతకం పెట్టొద్దు.