దగ్గితే తలనొప్పి: ఎమ్మారై అయ్యాక ఫ్లో స్టడీ దండగేనా?

మీ అమ్మగారికి దగ్గినప్పుడల్లా తల వెనక పగిలినట్టు నొప్పి వస్తోందని, ఎమ్మారై అయ్యాక మళ్లీ ఫ్లో స్టడీ (మెదడు చుట్టూ ఉండే నీటి పారకం చూసే ఎమ్మారై) రాశారని, ఇదంతా డబ్బు గుంజడానికేనా అని అడిగారు. మూడేళ్ల కిందట నా అనుమానమూ అదే.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. దగ్గినా, తుమ్మినా, వంగి బిందె ఎత్తినా మెడ పైన గునపం దిగినట్టుండేది. అర నిమిషంలో పోయేది, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఒక డాక్టరైతే సైనస్ అని ఆరు నెలలు మందులు మింగించారు. చివరికి కాకినాడలో ఎమ్మారై తీస్తే, ‘టాన్సిల్స్ 8 మిల్లీమీటర్లు కిందికి దిగాయి’ అని వచ్చింది. ఆ రోజు నుంచి మా అత్తగారు నాకు ఐస్‌క్రీమ్ మాన్పించేశారు! అవి గొంతులోవి కావండీ, చిన్నమెదడు అడుగు కొసలు. పుర్రె అడుగు కన్నం దాటి 5 మిల్లీమీటర్లకు మించి దిగితే సాధారణంగా కియారీ అంటారు.

తూములో గుర్రపుడెక్క ఇరుక్కుంటే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. మెదడు, వెన్నుపాము చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల నీరుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కన్నంలోంచి కిందికీ పైకీ ఆడుతుంది. దగ్గితే పొట్టలో, ఛాతీలో ఒత్తిడి పెరిగి, వెన్నులో సిరలు ఉబ్బి ఆ నీటిని పైకి తోస్తాయి. దారి ఇరుకైతే అది వెంటనే సర్దుకోలేదు. నొప్పి అక్కడిదే.

మొదటి ఎమ్మారైలో తూము ఆకారం కనిపిస్తుంది, పారకం కనిపించదు. కొసలు దిగినా ఏ బాధా లేనివాళ్లూ ఉంటారు కాబట్టి పారకం చూడాలి. అదే ఫ్లో స్టడీ. వేలికి క్లిప్ పెట్టి, గుండె లయతో కలిపి తీస్తారు. ఒక దిక్కుకు పోయే నీరు తెల్లగా, ఎదురొచ్చేది నల్లగా కనిపిస్తుంది. నాకు ఇంజెక్షన్ ఇవ్వలేదు. ‘ఇప్పుడు దగ్గమంటారా?’ అని అడిగితే టెక్నీషియన్ నవ్వాడు. ఎన్నో గుండె చప్పుళ్లు కలిపి సగటు తీసే స్కాన్ అది, ఒక్క దగ్గును పట్టలేదు. దగ్గిన వెంటనే పారకం చూసే ఎమ్మారై పద్ధతిని బోస్టన్‌లో పరిశోధకులు ప్రయత్నించారు. దగ్గుతో తలనొప్పి వచ్చే కియారీ రోగుల్లో దగ్గాక పారకం కాసేపు తగ్గడం చూశారు.

నాకు వెనక దారి దాదాపు మూసుకుపోయింది. కాస్త ఎముక తీసి వెడల్పు చేశారు. ఇప్పుడు దగ్గితే నొప్పి లేదు, మెడ మాత్రం చలికాలంలో పట్టేస్తుంది.

వెన్నుకీ ఎమ్మారై కావాలేమో అడగండి, వెన్నుపాములో నీరు చేరుతుంది ఒక్కోసారి. చేతులు తిమ్మిరెక్కినా, వేడి తెలియకపోయినా ఆగకండి. ఏ స్కాన్‌లోనూ ఏమీ లేకపోతే అది వేరే రకం దగ్గు తలనొప్పి, దానికి చాలామందికి ఇండోమెథసిన్ మాత్ర పనిచేస్తుంది, డాక్టరు రాస్తేనే. రిపోర్టు కాగితంతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. మా న్యూరోసర్జన్ కాగితం పక్కన పెట్టి బొమ్మలే చూశారు.