తేదీలు గుర్తు లేకపోయినా భయపడకండి

ప్రశ్న: అమెరికా పౌరుడైన నా భర్త కొట్టేవాడు. ఇల్లు వదిలి వచ్చేశాను. గ్రీన్ కార్డు కోసం వావా చట్టం (గృహహింస బాధితులను కాపాడే అమెరికా చట్టం) కింద సొంతంగా దరఖాస్తు చేసుకుంటున్నాను. లాయరు సైకలాజికల్ ఎవాల్యుయేషన్ చేయించుకోమన్నారు. నాకు పిచ్చి అని రాస్తారేమోనని టెన్షన్. తేదీలు కూడా గుర్తుకు రావడం లేదు.
– ఒక సోదరి, టెక్సస్

జవాబు: ఇది పిచ్చి ఉందో లేదో తేల్చే పరీక్ష కాదమ్మా. జరిగినది మీ నిద్రను, ఆకలిని, మనసును ఏం చేసిందో రాసిచ్చే నివేదిక. ఇలాంటి నివేదికలు రాసే నేనైతే మొదటి అరగంట ఆ దెబ్బల సంగతే ఎత్తను. నిద్ర పడుతోందా, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నారా అని అడుగుతాను. తర్వాత మనసుకు తగిలిన గాయం ప్రభావం ఎంతుందో చూసే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం ఇస్తాను. ఎక్కువ చేసి చెప్పొద్దు, తగ్గించీ చెప్పొద్దు. నా దగ్గరకొచ్చిన ఆడవాళ్లు చాలామంది తగ్గించే చెబుతారు, నాకు అదే బాధ.

తేదీలు మరచిపోవడం అబద్ధానికి గుర్తు కాదు. భయంలో ఉన్న మెదడు ఒక అరుపును, ఒక వాసనను పట్టుకుని తేదీని వదిలేస్తుంది. ఊహించి చెప్పకండి, గుర్తు లేదనే చెప్పండి. తెలుగులో మాట్లాడాలనిపిస్తే దుబాసీని అడగండి, బంధువులను మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకండి. మీ దరఖాస్తు సంగతి ఇమిగ్రేషన్ అధికారులు మీ భర్తకు చెప్పకూడదని చట్టంలోనే ఉంది. రిపోర్టు పంపే ముందు లాయరుతో కలిసి ఒకసారి చదవండి.